స్పెసియోజా ప్రార్థన

"నోరు తెరువు! చల్లారిపోతోంది," అంటూ స్పెసియోజా చెంచాడు జొన్న జావ అనస్తాజ్ పెదాలకు ఆనించింది.

"ఇక చాలక్కా. నన్ను పోనీ."

"పోతావా? ఎంత తేలిగ్గా అనేశావు! మింగు ముందు."

గుమ్మంలో నిలబడ్డ పాస్టర్ కయితారె కళ్ళు ఒత్తుకున్నాడు. రువాండా మారణకాండ నాటి వంద రోజుల్లో ఈమె భర్తనూ ఇద్దరు పిల్లలనూ కత్తితో నరికింది ఈ అనస్తాజే. పరాయివాడా అంటే కాదు, పక్కింటివాడు. పదిహేనేళ్ళు జైల్లో ఉండి తిరిగొస్తే కట్టుకున్న పెళ్ళామే గుమ్మం తొక్కనివ్వలేదు. ఇప్పుడు ఈమె ఇంట్లోనే మంచాన పడ్డాడు. స్పెసియోజా ఉన్న ఒక్క మేకనూ అమ్మి మందులు కొంది. సైకిలు వెనక కూచోబెట్టి ఆసుపత్రికి తోసుకెళ్ళింది.

పాస్టరుకు తోడు వచ్చిన చర్చి మనిషి డఫ్రోజా ఊరుకునే రకం కాదు. "మొగుడికి కూడా ఇంత సేవ చేసుండవు వదినా!"

"వీడు చేయనిస్తేగా?"

పాస్టరుకు మాత్రం ఇదంతా ప్రభువు మహిమే. ఆ వంద రోజుల్లో చర్చిలో దాక్కున్నవాళ్ళకే దిక్కు లేకపోయాక ప్రార్థన మానేసిన మనిషి స్పెసియోజా. పాతికేళ్ళు చర్చి వైపు చూడలేదు. అలాంటిది, అనస్తాజ్ పడకేసిన వారానికే వచ్చి ముందు వరుసలో మోకరిల్లింది. "దేవా, వీణ్ణి అప్పుడే తీసుకుపోకు!" అని ఏడ్చింది. చర్చి చర్చంతా ఏడ్చింది. చంపినవాళ్ళ కుటుంబాలూ, చావు తప్పించుకున్నవాళ్ళూ ఆ రోజే మొదటిసారి ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఏప్రిల్లో మారణకాండ మృతుల్ని తలుచుకుంటూ ఊరంతా సమాధుల మీద పూలు పెడుతుంటే ఈమె ఇక్కడ జావ కాస్తూ కూచుంది. పగ పోవడమంటే ఇదీ అని పాస్టరు ప్రతి ప్రసంగంలోనూ చెప్పాడు.

"అమ్మా, ఆదివారం బిషప్ గారు వస్తున్నారు. నువ్వు క్షమించిన సంగతి నాలుగు ముక్కలు సాక్ష్యం చెప్పాలి."

"అప్పటిదాకా వీడు ఉండాలిగా! ప్రార్థించండి పాస్టర్ గారూ, గట్టిగా ప్రార్థించండి."

ఆయన చేతులు చాచి ప్రార్థించి, డఫ్రోజాను వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు.

అనస్తాజ్ గొంతులో గురక మొదలైంది. స్పెసియోజా గిన్నె పక్కన పడేసి, అతని తల ఒళ్ళోకి తీసుకుని, చెవి దగ్గరకు వంగింది.

"నా వాళ్ళని ఎక్కడ పాతిపెట్టావో చెప్పి చావరా!"