ఉల్టా ఎలిమినేటర్

జలపతి తన రేడియో దుకాణానికి తాళం వేస్తుంటే కానిస్టేబుల్ వచ్చి నిలబడ్డాడు.

"ఎస్సై సాబ్ పిలుస్తుండు. నడువ్."

"మేడిపల్లి బస్సు కదుల్తది సార్. ఆడి దవాఖానల మా బిడ్డ కాన్పైంది. మనుమడు ఏడో నెలలనే పుట్టిండు. ఇంకా మొకం గూడ సూడలే."

"ఐదు నిమిషాల పనే."

ఠాణావాళ్ల ఐదు నిమిషాలు జలపతికి కొత్తవి కావు. కోరుట్లలో ఎక్కడ వైరుముక్క దొరికినా అది బాంబేనా కాదా అని చెప్పడానికి అతడినే లాక్కుపోతారు. కాదంటే పోలీసులకు అనుమానం, అవునంటే అడవిలోని అన్నలకు కోపం. పోయినేడు ఒక గడియారాన్ని గడియారమని చెప్పిన పాపానికి ఠాణా వరండాలో కూచోబెట్టారు, ఊరంతా చూసేలా.

పసివాడికి కప్పుదామని తీసుకున్న మెత్తటి పాతచీరను చంకలో పెట్టుకుని నడిచాడు.

బస్టాండులో జనం దూరదూరంగా నిలబడ్డారు. నడుమ ఒక లారీ బ్యాటరీ, రేకు డబ్బా, వైర్లు. పక్కనే మోకాళ్ల మీద ఒక బక్కమనిషి. పెదవి పగిలి ఉంది.

"బస్సెక్కబోతుంటే దొరికాడు," అన్నాడు ఎస్సై. "ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడట. ఏమిటయ్యా ఇది?"

పట్టుబడ్డ ప్రతివాడూ దవాఖానకే పోతుంటాడు అనుకున్నాడు జలపతి, తనూ అక్కడికే పోతున్న సంగతి మరిచి.

ఆ మనిషి తలెత్తాడు.

"ఇన్వర్టర్ అన్నా. నీ దుకాణంల ఎలిమినేటర్ ఉంటది సూడు, లైను కరెంటును రేడియోకు బ్యాటరీ కరెంటు జేస్తది. ఇది దానికి ఉల్టా. బ్యాటరీల కెల్లి లైను కరెంటు తీస్తది. జర మూత తీసి సూడే."

"ఇన్వర్టరా? ఏ దళం పెట్టిన పేరురా అది?" ఎస్సై నవ్వాడు.

జలపతి మూత తీశాడు. చూడగానే అర్థమైంది. ఎలిమినేటర్‌లో ఉండే ట్రాన్స్‌ఫార్మరే, తిరగేసి కట్టి ఉంది. చేతిపని. ఎంత ముచ్చటగా అతికాడో!

మేడిపల్లి బస్సు హారన్ కొట్టింది.

"గిసొంటి పేరు నేనెన్నడు ఇనలే సార్," అన్నాడు.

పేరు వినలేదన్న మాట నిజమే.

"మెకానిక్కే తెలీదంటున్నాడు. ఎక్కించండి జీపు."

"సూసినవు గదనే అన్నా! ఒక్క మాట జెప్పరాదే!"

జలపతి వెనక్కి తిరగలేదు. కదులుతున్న బస్సును ఉరికి పట్టుకున్నాడు.

మేడిపల్లి దవాఖానలో కరెంటు లేదు.

బిడ్డ నీల గోడకు ఆనుకుని కూర్చుంది, కళ్లు అద్దాల పెట్టె మీద. పెట్టెలో వెచ్చదనమిచ్చే బల్బు ఆరిపోయి ఉంది. దాని కింద పిడికెడు మనుమడు. నర్సు అమృత వేడినీళ్ల సీసాలు వాడి చుట్టూ పేరుస్తోంది.

అమృత జలపతి చంకలోని చీర లాక్కుని పెట్టె మీద కప్పింది.

"కోరుట్ల బస్సులనే అచ్చినవా, కాకా? డబ్బా పట్టుకొని సిరిసిల్ల మనిషి దిగలేదా?"

జలపతి ఆరిన బల్బు వైపు చూశాడు. "ఎవలమ్మా ఆయన?"

"మీ సుట్టమేం గాదు. బట్టలు నేసే సాంచెలు బాగుజేసే లింబాద్రి. నెలలు నిండని పిల్ల పుట్టిందని కబురు వోతే సాలు, డబ్బా ఎత్తుకొని ఉరికస్తడు."

అమృత ఇంకో సీసా తీసి బుగ్గకు ఆనించుకుని వేడి చూసింది.

"పోయినేడు గీ బల్బు ఆరిపోయిననాడు, గీ పెట్టెల ఉన్నది ఆయన బిడ్డనే."