అరవై ఒకటో నంబరు

సర్కారు ఇళ్ల ఆఫీసు హాల్లో బోర్డు మీద యాభై ఆరు వెలిగింది. సూ యిన్ చేతిలో ఉన్నది అరవై ఒకటి.

మిగిలినవి ఆరు ఫ్లాట్లు. ముందున్న ఐదుగురూ తలా ఒకటి ఏరుకుంటే, ఎవరికీ అక్కర్లేనిది తన నెత్తిన పడుతుంది. నాలుగేళ్ల ఎదురుచూపుకి దక్కేది ఇదన్నమాట.

ఆ ఎవరికీ అక్కర్లేనిది ఏదో అప్పటికే హాలంతటికీ తెలిసిపోయింది. ఆ పుణ్యం మూడో వరుసలో కూర్చున్న ముసలాయనది. ప్లాస్టిక్ సంచిలో కట్టించుకొచ్చిన కాఫీని వేలికి తగిలించుకుని, స్ట్రాతో చప్పరిస్తూ, పక్కన ఎవరు కూర్చుంటే వాళ్లకి అదే పాఠం చెబుతున్నాడు.

“నాలుగో అంతస్తు, నలభై నాలుగో నంబరు. అది మాత్రం ముట్టుకోకండి.”

తను ఎదురు బ్లాక్‌లోనే ఉంటాడట, రోజూ కళ్లారా చూస్తున్నాడట. చెత్త పడేసే గొట్టం సరిగ్గా వంటింటి గోడ పక్కనే ఉందట. పడమటి ఎండ రాత్రి ఏడింటి దాకా ఇల్లు వదలదట. అసలే మనం చైనావాళ్లం, మన భాషలో నాలుగన్నా చావన్నా ఒకేలా పలుకుతాయి, ఆ అంకెను ఎవరైనా మూడుసార్లు తలుపుకి తగిలించుకుంటారా అని అడిగాడు. తన జాబితాలో ఆ ఫ్లాట్ చుట్టూ ఎర్రగీత గీసుకొచ్చిన ఒకావిడ, అది విని అక్కడికక్కడే కొట్టేసింది.

సూ యిన్‌కి ఒళ్లు మండిపోయింది.

సింగపూర్లో కొత్తగా పెళ్లైనవాళ్లకి సర్కారు ఫ్లాటే దిక్కు. దానికోసం మూడుసార్లు లాటరీలో పేరు వేశారు. రెండుసార్లు తగల్లేదు. తగిలిన ఒక్కసారీ మరీ కింది అంతస్తని మొగుడు కియాట్ వద్దన్నాడు. ఇది నాలుగోసారి. ఇప్పుడు కూడా వద్దంటే ఏడాదిపాటు వరుస చివరికి నెట్టేస్తారు. సబ్సిడీ మంజూరు కాగితానికి గడువు ఈ నెలాఖరే. ఆ పైన మళ్లీ దరఖాస్తు, మళ్లీ జీతం రుజువులు, మళ్లీ అత్తగారి హాల్లో కర్టెన్ వెనక పరుపు. కడుపులో బిడ్డకి మాత్రం ఏ గడువులూ తెలియవు.

ఇక ఆగలేక లేచి మూడో వరుస దగ్గరికి వెళ్లింది.

“అంకుల్, కాస్త నోరు మూసుకుంటారా? సొంతిల్లున్న వాళ్లకి ఇదంతా కాలక్షేపంగానే ఉంటుంది. మాకు కాదు.”

ముసలాయన ఆమె పొట్టకేసి చూశాడు.

“ఎన్నో నెల?”

సూ యిన్ విసురుగా వెనక్కి వచ్చి కూర్చుంది.

యాభై ఏడు. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. ఒక్కొక్కళ్లూ ఫైలు చంకన పెట్టుకుని నవ్వుకుంటూ వెళ్లిపోతున్నారు. అరవయ్యో నంబరు కూడా లేచి వెళ్లాక తెర మీద ఒకే ఒక్క ఫ్లాట్ మిగిలింది. ఏదో వేరే చెప్పాలా, ఆ మూడు నాలుగులే.

ఫోన్లో కియాట్ ఏమైందని అడిగాడు. బస్సు డిపోలో ఉన్నాడేమో, చుట్టూ ఇంజన్ల మోత. ఆమె గొంతు పెంచక తప్పలేదు.

“అదే మిగిలింది. వద్దని చెప్పేస్తున్నా. ఆ ఎండలో, ఆ చెత్త కంపులో పసిపిల్లని పెంచడం నావల్ల కాదు. ఇంకో ఏడాది మీ అమ్మ హాల్లోనే పడుందాం. ఉయ్యాల ఎక్కడ పెడతావో నువ్వే చూసుకో.”

ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంది. అరవై ఒకటి వెలిగింది.

మూడో వరుస దాటుతుంటే ముసలాయన పిలిచాడు.

“అమ్మాయ్, తీసుకో.”

ఆమె ఆగింది.

“చెత్త గొట్టం అక్కడ లేదు. అటు చివర, లిఫ్టు దగ్గరుంది. ఎండ కూడా పొద్దుటిదే. పదకొండింటికల్లా వంటింట్లోంచి పోతుంది. పసిపిల్ల బట్టలు బాగా ఆరతాయి.”

“మరి పొద్దుట్నుంచీ చెప్పిందంతా?”

“అబద్ధం.” సంచి అడుగున మిగిలిన కాఫీని పీల్చాడు. “నాలుగులు మాత్రం నిజమే. వాటికి ఎవరం ఏం చేయలేం.”

సూ యిన్ ఆయన వైపు ఒక అడుగు వేసింది.

“మనుషుల ప్రాణాలతో ఆడుకోవడానికి మీకు ఇంకో చోటు దొరకలేదా? సిగ్గులేదూ, ఈ వయసులో?”

ఆయన కౌంటర్ వైపు చెయ్యి చూపించాడంతే.

కౌంటర్లో ఉన్న హిదాయా అనే అమ్మాయిని సూ యిన్ ముందు ప్లాన్ చూపించమని అడిగింది. గొట్టం నిజంగానే లిఫ్టు దగ్గరుంది. వంటిల్లు తూర్పు ముఖం. ఇంకేం అడగలేదు, సంతకం పెట్టేసింది. తనలో ఉన్నది సంతోషమో కోపమో ఆమెకే తెలియలేదు. బయటికి వెళ్లగానే ఆ ముసలాయన్ని నాలుగు కడిగెయ్యాలనుకుంది.

హిదాయా కాగితాల మీద ముద్ర వేసి, ఫ్లాట్లు అయిపోయాయన్న సంగతి తర్వాతి వాళ్లకి చెప్పాలి కదా అంటూ మీట నొక్కింది. అరవై రెండు వెలిగింది.

ఎవరూ లేవలేదు. మళ్లీ నొక్కింది. ఎవరూ రాలేదు.

సూ యిన్ వెనక్కి తిరిగి చూసింది. మూడో వరుస ఖాళీగా ఉంది.

“అరవై రెండు ఆ టే అంకుల్‌ది, వెళ్లిపోయినట్టున్నాడు, పాపం” అంది హిదాయా, “ఎదురు బ్లాక్‌లో అద్దెగదిలో ముక్కూమొహం తెలియనివాడితో సర్దుకుని పదకొండేళ్లుగా ఉంటున్నాడు, నా ముందువాళ్లలో ఒక్కరు వద్దన్నా ఆ నలభై నాలుగు నాదే అని ఈ నెలంతా రోజూ వచ్చి చెప్పిపోయేవాడు.”