ఎడమ సీటు

టైలరమ్మ ఆ కారు చుట్టూ తిరగడం అది మూడోసారి.

చిన్న బండి. తెల్ల రంగు. పెట్రోలు గొడవ లేదు, ఇంట్లో ప్లగ్గు పెడితే చాలు. ఆరేళ్ళు వాడిన బండి కాబట్టి ధర తన అందుబాటులో ఉంది. అయినా రెండేళ్ళు కుట్టి దాచిన డబ్బంతా ఊడ్చి దీని మీద పెట్టాలి. బ్యాటరీ బాగుంటే సరి, లేకపోతే నెత్తిన గుడ్డేసుకోవాల్సిందే.

కానీ మనసు ఊరుకోవడం లేదు. ఇంట్లో మోకాళ్ళు అరిగి, కళ్ళకి పొరలు కమ్మి, కిటికీ దగ్గరే పొద్దు గడిపే అమ్మ ఉంది.

"ఒక్కసారి ఊరంతా చుట్టి రావాలని ఉందే," అని ఆవిడ ఎన్నిసార్లు అందో.

"ఒకే చేతి మీద నడిచిన బండమ్మా. కళ్ళు మూసుకుని తీసుకోండి," అన్నాడు పాత కార్ల వ్యాపారి.

"అలా కొన్నవాళ్ళంతా తర్వాత కళ్ళు తేలేశారు," అంది టైలరమ్మ.

వ్యాపారి నవ్వి, తాళం తేవడానికి లోపలికి వెళ్ళాడు.

"ఒక్క ఛార్జికి నూట అరవై కిలోమీటర్లని చూపిస్తుంది. నూట ఇరవై నమ్మండి."

ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. అరవై దాటిన మనిషి. మడత నలగని చొక్కా. ఒక చెయ్యి కారు పైకప్పు మీద ఉంది. మాట ఈమెతో, మొహం మాత్రం పక్కనున్న గోడ వైపు.

పొగరు కాబోలు, అనుకుంది.

"మీరెవరండీ?"

"రోజూ వస్తుంటానమ్మా. ఎడమ కిటికీ అద్దం చివర్లో మొరాయిస్తుంది, వేలితో కాస్త ఆసరా ఇస్తే ఎక్కుతుంది. ఏసీ వేస్తే ఇంకో పది కిలోమీటర్లు తగ్గించుకోండి. వంతెన ఎక్కేటప్పుడు సన్నగా మూలుగుతుంది. కంగారు పడకండి, అది జబ్బు కాదు, అలవాటు."

టైలరమ్మకి అనుమానం వచ్చింది. ఎదుటివాళ్ళు కొనబోయే బండికి ఇన్ని వంకలు ఎవడు పెడతాడు? తనే చవగ్గా కొట్టేద్దామనుకునేవాడు పెడతాడు.

వ్యాపారి తాళం తెచ్చిచ్చి, "అలా ఒక చుట్టు చుట్టి రండి," అని వెళ్ళిపోయాడు. ఆమె డ్రైవర్ సీటులో కూర్చుని మీట నొక్కింది. ఎదురుగా లైట్లు వెలిగాయి.

"ఇన్ని తెలుసుగా, ఈ పసుప్పచ్చ లైటు దేనికో చెప్పండి చూద్దాం."

ఆయన నవ్వాడు. "అది నాకు తెలీదమ్మా. చప్పుడు చేసేదేదైనా అడగండి, చెప్తాను."

దొరికిపోయాడు! లైటు పేరు తెలియదు గానీ బండికి వైద్యం చెబుతున్నాడు.

ఆయన చెయ్యి పైకప్పు మీంచి జారి, ఎడమ తలుపు పిడి దగ్గర ఆగింది. తలుపు తెరిచాడు.

"అమ్మా, ఒక్కసారి ఇందులో కూర్చుంటాను. ఆ మలుపు దాకా చాలు. మాట్లాడను కూడా."

గొంతు చిన్నపిల్లాడిలా ఉంది. టైలరమ్మ మనసు ఒక్క క్షణం మెత్తబడింది. వెంటనే గట్టిపరచుకుంది.

"ముందు నన్ను చూసుకోనివ్వండి. మీ బేరం తర్వాత చేసుకుందురు గాని."

అటు వంగి తలుపు లాగింది. దడేలుమంది.

"అంత గట్టిగా వద్దమ్మా," అన్నాడాయన మెల్లగా. "నెమ్మదిగా వేసినా పడుతుంది."

కారు కదిలాక అద్దంలో చూసింది. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. చెయ్యి ఇంకా కారు పైకప్పు ఎత్తులోనే గాలిలో ఉంది.

ఎక్కడ తన్నుకుపోతాడోనని ఆ పూటే బండి కొనేసింది.

ఇంటికి తెచ్చి తుడుస్తుంటే, ఎడమ తలుపు మీటల మీద ఎర్రగా గోళ్ళరంగు చుక్కలు కనిపించాయి. గట్టిగా, బొడిపెల్లా ఉన్నాయి. ఎవరి పిల్లలో పాడుచేశారనుకుని కత్తెర మొనతో గోకి పారేసింది. ఏసీ మీటల మీదవి కూడా గోకబోతుంటే ఎవరో జాకెట్టు కొలతలకు వచ్చారు. అవి అలాగే ఉండిపోయాయి.

నెల తిరిగేసరికి ఆయన చెప్పినవన్నీ నిజమయ్యాయి. ఒక్క ఛార్జికి బండి సరిగ్గా నూట ఇరవై కిలోమీటర్లు వెళ్ళింది. కిటికీ మొరాయించింది, వేలి ఆసరాతో ఎక్కింది. వంతెన మీద సన్నగా మూలిగింది. ముందే తెలిసిన మూలుగు కాబట్టి ఆమె గుండె జారలేదు.

బేరగాడైనా మంచి మాటే చెప్పాడు, అనుకుంది.

ఆదివారం అమ్మని ఎడమ సీటులో కూర్చోబెట్టింది.

"ఇప్పుడెక్కడున్నామే?"

"వంతెన మీదమ్మా. కింద నీళ్ళు. ఒక పడవ పోతోంది. ఎవరో నీలం చొక్కా ఆరేశారు దాని మీద."

"అబ్బ! చెప్పు, ఇంకా చెప్పు," అంటూ ఆవిడ ఏసీ మీటలు తడిమింది. "ఇవి నువ్వు పెట్టించావా? ఎంత తెలివే నీకు! ఒక చుక్క నొక్కితే చలి పెరుగుతోంది, రెండు చుక్కలు నొక్కితే తగ్గుతోంది. చూపు లేకపోయినా వేళ్ళకి తెలిసిపోతోంది."

టైలరమ్మ వంతెన దిగగానే బండి పక్కకి ఆపేసింది.

గోడ వైపు తిరిగిన మొహం. పసుప్పచ్చ లైటు. గాలిలో ఆగిపోయిన చెయ్యి.

కారు నేరుగా ఆ వ్యాపారి దగ్గరికే పోనిచ్చింది.

"ఆయనా? మీరు తీసుకెళ్ళిన మర్నాడు వచ్చాడమ్మా. బండి ఉండే చోట చెయ్యి చాచి కాసేపు వెతికాడు. అమ్ముడైందని చెప్పాను. మళ్ళీ రాలేదు."

"ఇల్లెక్కడో తెలుసా?"

"ఉన్న ఇల్లు ఖాళీ చేసేశాడట. నడిపే భార్య పోయాక ఇంక బండెందుకని అమ్మేశాడు పాపం."

గోకేసిన మీటలను వేలితో తడిమి చూసుకుంది టైలరమ్మ. తను బేరగాడనుకున్నది, ఈ ఎడమ సీటులో ఆరేళ్ళు కూర్చుని, పక్కన భార్య బండి నడుపుతూ చెబుతుంటే లోకాన్ని చూసిన మనిషిని.