సింగరయ్య వేలిముద్ర

అమృతలూరు నుంచి జీపులో వచ్చిన ధర్మరక్షక సంఘం పెద్దలు నలుగురు రేపల్లె దగ్గరి పల్లెపాలెంలో దిగీ దిగగానే ఒడ్డునున్న పెద్ద పడవకు గొలుసు వేయించారు.

గంగరత్నం చేపలగంప కింద పెట్టి పడవకు అడ్డంగా నిలబడింది. ఆమె మొగుడు మస్తాన్‌రావు వల నూలు కోసం బాపట్ల వెళ్ళాడు. ఇంట్లో అయిదుగురి తిండీ ఆ పడవ మీదే.

సంఘానికి అధ్యక్షుడు శేషాచలం. ఇస్త్రీ పంచె, వెండి పొన్ను కర్ర. దొంగని పోలీసులకన్నా ముందే పట్టి, తామే తీర్పు చెప్పి, తామే శిక్ష వేసే పెద్దమనుషులని ఆ నలుగురికీ చుట్టుపక్కల పేరు. శిక్షపడ్డవాడి గొడ్డో గోదో తర్వాత వీళ్ళ దొడ్లలో కనిపించేది. ఇదేంటని అడిగినవాడు లేడు. డెబ్బై రెండులో రేపల్లెకు కొత్తగా వచ్చిన ఎస్సై జ్ఞానానందానికి తమ సేవ చూపిద్దామని ఆయన్నీ వెంటబెట్టుకొచ్చారు.

మంగళవారం పొద్దున తన పొలంలో ఆయిలింజను పోయిందని శేషాచలం అందరికీ వినపడేలా చెప్పాడు. ఎత్తుకెళ్ళింది ఈ పడవ యజమాని సింగరయ్యేనట. పట్టుకుని నిలదీస్తే తప్పు ఒప్పుకుని, పడవని సంఘానికి రాసిచ్చి, సిగ్గుతో ఎటో పారిపోయాడట. పడవ మీద రంగుతో రాసివున్న పేరుని కర్రతో చూపించాడు కూడా.

పాలెం వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముసలి అంకయ్య ఏదో అనబోతే గంగరత్నం చెయ్యెత్తి ఆపింది.

"సింగరయ్య మా మామగారండి. మీరు కళ్ళారా చూశారా బాబుగారూ?"

"నలుగురం చూశాం."

"మనిషి ఎలా ఉన్నాడండి?"

శేషాచలం రెప్పపాటు తడుముకున్నాడు. నల్లగా, దిట్టంగా ఉన్నాడన్నాడు. తన కాళ్ళమీద పడి ఏడ్చాడని పక్కనున్న బసవలింగం అందుకున్నాడు. జాలేసి మజ్జిగ కూడా ఇచ్చానన్నాడు మూడో ఆయన. నాలుగో ఆయనకి ఇంకేం మిగల్లేదు కాబట్టి, సింగరయ్య తనకి దణ్ణంపెట్టి మరీ వెళ్ళాడన్నాడు. గంగరత్నం తొందరపడకుండా ఒక్కొక్కర్నే అడిగింది. అందరి మాటా విన్నాక, పడవ రాసిచ్చాడంటున్న ఆ కాగితం ఎస్సైగారికి చూపించమంది.

జ్ఞానానందం కాగితం చదివాడు. మంగళవారం తేదీ, అడుగున వేలిముద్ర, పక్కన నాలుగు సాక్షి సంతకాలు.

"ఈ ముద్ర సింగరయ్య మీ ఎదుటే వేశాడా?"

"మా ఎదుటే. ఎక్కడ ప్రమాణం చెయ్యమన్నా చేస్తాం" అన్నాడు శేషాచలం.

ఆ మాటల్నే తన పుస్తకంలో రాసుకుని ఎస్సై నలుగురిచేతా సంతకాలు పెట్టించుకున్నాడు. ఇటువంటి అధికారే ఈ తాలూకాకి కావలసిందని బసవలింగం మెచ్చుకున్నాడు. శేషాచలం తన పెన్నుతోనే, పేరుకి ముందు ఇంటిపేరు పూర్తిగా రాసి మరీ సంతకం చేశాడు.

"ఇక చాలా అమ్మాయ్? పక్కకి తప్పుకో."

గంగరత్నం తప్పుకోలేదు. తడిచేతులు పమిటకు తుడుచుకుని ఎస్సై వైపు తిరిగింది.

"ఇంకొక్క ముక్క రాసుకోండి సార్. మా మామగారు తుఫానులో పోయి మొన్న కార్తీకానికి మూడేళ్ళు. ఆయన్ని మోసిన నలుగురూ ఇక్కడే ఉన్నారు."