చీపురు బాబాయ్

శనివారం మధ్యాహ్నం షుక్రీ ల్యాప్‌టాప్ తెరిచాడు. నౌరా కొత్త వెర్షన్ చటుక్కున తెరుచుకుంది. అతని మొహం మాత్రం మాడిపోయింది.

"మిర్సాద్ పలకరింపు ఏది?"

స్ఫాక్స్ పట్నం రేవు దగ్గరి కాఫీ కొట్టులో కూర్చున్న ఐదుగురూ తలలు వంచి చూశారు. ఆ పేజీ లేదు.

నౌరా అంటే పిల్లలు ప్రోగ్రాములు రాసుకునే సాధనం. ఒక్కసారి రాస్తే చాలు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ అదే నడుస్తుంది. దానికి యజమాని లేడు, జీతగాడూ లేడు. ఈ ఐదుగురే తీరిక చేసుకుని బాగుచేస్తుంటారు.

పదిహేనేళ్ల కిందట దాన్ని మొదలుపెట్టినాయన ఇంటర్నెట్‌లో పెట్టుకున్న పేరు మిర్సాద్. నాలుగేళ్లు రాసి, ఒకరోజు మాయమయ్యాడు. అసలు పేరేమిటో, మొహం ఎలా ఉంటుందో షుక్రీకి గాని, మిగతా కుర్రకారుకు గాని తెలియదు. కనబడని మనిషిని దేవుణ్ణి చేయడం తేలిక. చేసేశారు.

నౌరా తెరిస్తే ముందుగా ఆయన రాసిన పలకరింపే బొమ్మలతో, పాటతో వచ్చేది.

"ఎవరు తీసేశారు?"

హాజెర్ మార్పుల చిట్టా చూసింది. "ఇంకెవరు, చీపురు బాబాయ్."

అందరూ అయ్యాషీ వైపు తిరిగారు. యాభై దాటిన మనిషి. రెండేళ్ల కిందట వచ్చి చేరాడు. కొత్తగా ఒక్క లైను రాసిన పాపాన పోలేదు. ఉన్నవి చెరపడమే పని. ఇప్పటికి నలభై వేల లైన్లు చెరిపాడు.

ఆయనకు పూచీ పడింది వియామ్. ఇక్కడ కొత్తవాళ్లు కోడ్ మీద చెయ్యి వేయాలంటే పాతవాళ్లలో ఒకరు హామీ ఉండాలి. వియామ్ లెక్కల టీచరు. ఆమె బళ్లో ఉన్నవి పదకొండు ముసలి కంప్యూటర్లు. ఆయన చెరిపేకొద్దీ వాటి మీద నౌరా పరుగెత్తింది. అంతకన్నా ఆమెకేం కావాలి?

"బాబాయ్, ఎవర్నడిగి తీశారు?" అన్నాడు షుక్రీ.

"పాత మెషీన్లలో అది తెరుచుకోడానికే నిమిషం పడుతోంది నాయనా. పిల్లలు చేతులు కట్టుకుని కూర్చుంటున్నారు."

"అది మిర్సాద్ స్వయంగా రాసిన పేజీ."

"తెలుసు. బాగా రాయలేదు."

హాజెర్ చిట్టాలో ఇంకా వెతుకుతూనే ఉంది. నౌరాలో ప్రతి లైను పక్కనా రాసినవాళ్ల పేరు ఉంటుంది.

"షుక్రీ, ఇటు చూడు. ఈయన రెండేళ్లుగా చెరిపినవన్నీ మిర్సాద్ లైన్లే. మనం రాసిన చెత్త ఒక్కటీ ముట్టుకోలేదు."

షుక్రీ గొంతు లేచింది. ఇంతకాలం 'మీరు' అన్న నోటితోనే 'నువ్వు' అన్నాడు.

"ఆయన మీద నీకేం పగ? తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లను చూశాను. నువ్వు వాసాలే పీకేస్తున్నావు."

"ఇల్లు బరువెక్కింది షుక్రీ."

నమ్మి పూచీ పడితే ఇదా చేసేది, అనుకుంది వియామ్. ఆయన వల్ల ఇప్పుడు తన మొహాన ఉమ్మేస్తారు.

"రెండో మనిషి చదివి సరే అనందే ఏదీ తీయకూడదని రూలుంది కదా," అంది హాజెర్. "ఎవరు చదివారు?"

అయ్యాషీ చెయ్యి జేబులోని ఫోను మీదికి పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది వియామ్‌కు. మంగళవారం పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఒక పేజీ తీసేస్తున్నాను, చదివి చెప్పమని ఆయన మెసేజ్ వచ్చింది. తెరిచి చూడకుండానే జవాబు కొట్టింది: 'చదివాను బాబాయ్, బాగుంది, తీసేయండి.' అందరూ చేసే పనే. చదవకుండా సరే అనని వాలంటీరు ఏ దేశంలోనూ ఉండడు.

ఆయన ఆమె వైపు చూశాడు.

ఆమె టీ గ్లాసులో తేలుతున్న బాదంపప్పుల వైపు చూసింది.

అయ్యాషీ జేబులోంచి ఖాళీ చెయ్యి తీశాడు. "ఎవరూ చదవలేదు. తప్పు నాదే."

"నేనే పూచీ పడ్డాను, నేనే తీసేస్తాను," అంది వియామ్. తన ఫోనులోంచే, కోడ్ ముట్టుకునే ఆయన హక్కు రద్దు చేసింది. రెండోసారి ఆలోచించలేదు. మోసపోయింది తనే అని మనసుకు గట్టిగా చెప్పుకుంది కాబోలు.

ఆయన లేచాడు. టీ ఇచ్చినందుకు కొట్టువాణ్ణి దీవించాడు. ఆమె దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"మీ బళ్లో మూడో మెషీనుకు మెమొరీ తక్కువమ్మా. దాన్ని చూసుకో."

ఎండలో పడి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

పలకరింపు పేజీ తిరిగి వచ్చింది. సోమవారం వియామ్ పిల్లలు నిమిషంసేపు చేతులు కట్టుకుని పాట విన్నారు. మూడో మెషీను పాట మధ్యలోనే ఆగిపోయింది.

నెల తిరిగేసరికి నౌరాకు పదిహేనేళ్లు నిండాయి. పాతా కొత్తా అందరికీ శుభాకాంక్షలు పంపుతూ వియామ్ ఒక ఫొటో జత చేసింది. పోయిన వసంతంలో అందరూ కలిసి రేవు దగ్గర తీయించుకున్నది. చివర, ఆమె పక్కన నిల్చున్న అయ్యాషీని కత్తిరించి పంపమన్నాడు షుక్రీ. ఆమెకు బద్ధకమేసి అలాగే పంపింది.

మర్నాడు బిజెర్త్ నుంచి నజీబ్ జవాబు రాశాడు. మొదటి రోజుల్లో మిర్సాద్ పక్కన కూర్చుని పనిచేసిన ఒకే ఒక్క మనిషి అతను. పదేళ్లుగా ఎవరికీ ఒక్క ముక్క రాయలేదు.

"అమ్మా వియామ్, వెళ్లేముందు మిర్సాద్ నాతో ఒక మాటన్నాడు. తొందరలో చాలా పిచ్చి రాతలు రాశాను, ఎప్పుడో ఒకరోజు పేరు చెప్పకుండా వచ్చి నావి నేనే తీసేసుకుంటాను అని. మొత్తానికి వచ్చాడన్నమాట, ఫొటోలో నీ భుజం పక్కనే నవ్వుతున్నాడు."