ఆయుష్షు గల వీధి

"మీ వీధికి రాదమ్మా," అన్నాడు లెక్కల ఆఫీసరు.

పెద్దకోడలికి ఒళ్ళు మండింది. పొద్దున్నుంచీ ఆ మెట్ల మీద కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. తీరా లోపలికి పిలిచి చెప్పింది ఈ ఒక్క ముక్క. వీధి వీధంతా ఆవిణ్ణి పెద్దకోడలనే పిలుస్తుంది. నోరు పెద్దదని వెనకాల అంటారు గానీ, ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా ముందు ఆవిడ గుమ్మమే తడతారు. అటూ ఇటూ ఇళ్ళ ఆడవాళ్ళిద్దరూ తోడొచ్చి చెరో పక్కా నిలబడ్డారు. ఈ ఆఫీసుకి ఈ ముగ్గురూ ఎప్పుడూ కలిసే వస్తారు.

"రంగుల ఫ్యాక్టరీ వీధికి వచ్చిందిగా?"

"వాళ్ళకి వచ్చింది. మీకు రాదు."

సంగతేమిటంటే, ఆ ఊళ్ళో ఎవరికైనా పింఛను అరవై ఏళ్ళకే. కొన్ని పనులు మనిషిని ముందే అరగదీసేస్తాయి కదా, అలాంటి పనివాళ్ళ వీధులకి యాభై అయిదుకే ఇద్దామని పైవాళ్ళు ఈ ఏడు తీర్మానించారు. ఏ వీధివాళ్ళు ఎన్నేళ్ళు బతుకుతున్నారో లెక్కగట్టి, ఎవరికివ్వాలో తేల్చడం ఈ ఆఫీసరు పని. కుర్రాడే. ముక్కు మీదికి జారే కళ్ళజోడు, ఎదురుగా కంప్యూటరు, పక్కన మీగడ కట్టిన టీ.

పెద్దకోడలి వీధి రాళ్ళ క్రషర్ వీధి. మగవాళ్ళంతా కొండని పొడి చేసి రోడ్లకి పంపిస్తారు. ఆ పొడిలో కొంత ఊపిరితిత్తుల్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంటారు. ఆవిడ భర్తకి యాభై ఆరు. పడుకుంటే ఊపిరాడదు, గోడకి దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోతాడు. తెల్లారితే మళ్ళీ క్రషర్‌కే. పింఛను వస్తే రేపే మానేస్తాడు. రాకపోతే ఇంకో నాలుగేళ్ళు ఆ దుమ్ములోనే. అన్నాళ్ళు ఆ మనిషి ఆగడని ఆవిడకి ఏ కంప్యూటరూ చెప్పక్కర్లేదు.

"బాబూ, మా వీధిలో మగాళ్ళు ఎలా ఉంటారో మీరెప్పుడైనా చూశారా?"

"చూడక్కర్లేదమ్మా. లెక్క ఉంది. ఊరంతట్లో ఎక్కువకాలం బతికేది మీ వీధివాళ్ళే. తొంభై దాటినవాళ్ళు మిగతా వీధులన్నిట్లో ఎంతమందున్నారో, మీ ఒక్క వీధిలో అంతమందున్నారు. ఆ రాతిదుమ్ములో ఏదో మంచి గుణం ఉందేమోనని మా పైవాళ్ళు అనుకుంటున్నారు."

"అలాగా. అయితే మీ పైవాళ్ళ పిల్లల్ని కూడా పంపమనండి, పీల్చుకుంటారు. ఊరికే ఇస్తాం."

ఎడంపక్కనున్న వదిన నవ్వాపుకోలేక దగ్గింది. ఆఫీసరు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"కోప్పడకండమ్మా. నాకూ నమ్మబుద్ధి కావట్లేదు. కానీ లెక్కలో లేనిది నేను రాయలేను."

"మా ఇంటికి రండి. రాత్రి మా ఆయన దగ్గు వినండి. గోడకవతల వీళ్ళకి కూడా నిద్ర లేదు."

"దగ్గుని లెక్కలో వేయలేనమ్మా. పోయినవాళ్ళనే వేయగలను."

"అంటే మా ఆయన పోయాక రమ్మంటారా?"

అతను టీ కప్పు అటు జరిపాడు, ఇటు జరిపాడు. కంప్యూటరు వైపు చూశాడు.

"మీ మామగారిదీ క్రషర్ పనేనట కదా. తొంభై ఒకటి. తండ్రికి అంత ఆయుష్షున్నప్పుడు కొడుకు యాభై ఆరుకే అరిగిపోయాడంటే పైవాళ్ళు ఒప్పుకుంటారా, చెప్పండి?"

"ఆయన సంగతి వేరు," అంది పెద్దకోడలు. గొంతు కొంచెం తగ్గింది.

"సరే, ఒక పని చేయండి. మీ వీధిలో క్రషర్ పని చేసి, డెబ్భై లోపే పోయినవాళ్ళ పేరు ఒక్కటి చెప్పండి. ఒక్కటంటే ఒక్కటి. మీ వీధి లెక్క మొదటినుంచీ నేనే తిరగదీయిస్తాను. నా మాట."

ఆవిడ నోరు తెరిచింది. కుడిపక్కనున్న పిన్ని మోచేత్తో డొక్కలో పొడిచింది. ఇటు చూస్తే వదిన ఆఫీసరు టీ కప్పులోకి చూస్తోంది, అందులో ఏదో పడ్డట్టు.

నోరు మూసుకుంది.

"చూశారా," అన్నాడు ఆఫీసరు నీరసంగా. "ఒక్కరు కూడా లేరు."

ముగ్గురూ మెట్లు దిగారు. "వెధవ లెక్కలు," అంది పెద్దకోడలు మొదటి మలుపు దగ్గర. "రాళ్ళు మోసినవాడెవడైనా ఇలాంటి లెక్క కడతాడా," అంది రెండో మలుపు దగ్గర. కిందికొచ్చేసరికి ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. తుడుచుకుని, ఎలాగూ వచ్చారు కనుక పింఛను కిటికీ ముందు నిలబడింది. మంచం దిగలేనివాళ్ళ పింఛను ఇంట్లోవాళ్ళు తీసుకోవచ్చు. మనిషి ఉన్నాడని ఇరుగూ పొరుగూ చెప్తే చాలు.

"రండి పెద్దకోడలు గారూ," అన్నాడు కిటికీలో గుమాస్తా. "పెద్దాయన ఎలా ఉన్నారు?"

"అలాగే ఉన్నారు. మంచం దిగట్లేదు."

"పొద్దున్నే చూసొచ్చాం," అంది వదిన.

"జావ కూడా తాగారు," అంది పిన్ని.

పెద్దకోడలు వేలిముద్ర వేసి, అరవై ఒకటో ఏటే దగ్గి దగ్గి పోయిన మామగారి తొంభై ఒకటో ఏటి పింఛను అందుకుని, పిన్ని వాళ్ళాయన కూడా బతికే ఉన్నాడని చెప్పడానికి కిటికీ పక్కకి జరిగి నిలబడింది.