దొరగారి వరసలు

“అత్తయ్యగారు కాదండి దొరగారూ! అమ్మగారు. అన్నమ్మగారిని అమ్మా అనాలి.”

యేసుదాసు గొంతు అనుకున్నదానికంటే గట్టిగానే లేచింది. ఎదురుగా చాప మీద మఠం వేసుకు కూర్చున్న ఆర్థర్ దొర బిత్తరపోయాడు.

“పొద్దున చర్చి దగ్గర పిల్లలందరూ ఆవిణ్ణి అత్తయ్యా అన్నారు కదండీ?”

“వాళ్ళు అనొచ్చండి. పెళ్ళికాని మగవాడు, పెళ్ళీడు పిల్ల ఉన్నావిణ్ణి పట్టుకుని అత్తయ్యా అంటే ఊరు ఇంకోలా అనుకుంటుంది.”

“ఎలా అనుకుంటుంది?”

యేసుదాసు పుస్తకంలో పేజీ తిప్పాడు. “అనకూడదు, అంతేనండి” అన్నాడు.

అది 1966 వేసవి. కెనడా నుంచి మిషను పని మీద ఆర్థర్ దొర తెనాలి వచ్చి కొన్ని నెలలైంది. మిషను బడిలో తెలుగు మేస్టారైన యేసుదాసు ఆయనకు భాష నేర్పుతున్నాడు. దొర మంచివాడే. గోంగూర పచ్చడికి కళ్ళనీళ్ళు కారినా మళ్ళీ వడ్డించమనేవాడు. ఎడం చేత్తో ఏదీ ఇవ్వకూడదని చెబితే వారం పాటు ఆ చెయ్యి జేబులోంచి తీస్తే ఒట్టు. చిక్కల్లా వరసలతోనే. వాళ్ళ భాషలో పిన్నికీ అత్తకీ ఒకటే మాటట. పాపం, చుట్టాలు తక్కువేమోనని యేసుదాసు జాలిపడ్డాడు. ఇక్కడేమో రిక్షా తొక్కేవాడు అన్నయ్య, పాలు పోసే గంగరత్నం పిన్ని. ఆ లెక్కన తనకంటే పెద్దవాడైన యేసుదాసును కూడా దొర అన్నయ్యా అనేవాడు. అంతటి దొర తనను అలా పిలుస్తుంటే యేసుదాసు లోలోపల పొంగిపోయేవాడు.

“మరి అమ్మాయిని ఏమనాలి అన్నయ్యా?” అన్నాడు దొర.

“ఏ అమ్మాయినండి?”

“రూతును.”

యేసుదాసు చేతిలోని పుస్తకం మూసేశాడు.

రూతు ఆ బడిలోనే పంతులమ్మ. తండ్రి పోయాడు, తోడబుట్టినవాళ్ళు లేరు. రేపల్లెలో ఉండే తల్లి అన్నమ్మ అప్పుడప్పుడూ కూతుర్ని చూడటానికి వస్తూంటుంది. రూతు అంటే యేసుదాసుకు ప్రాణం. ఆ సంగతి ప్రార్థనలో దేవుడికి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. మిషను హాస్టల్లో పెరిగిన అనాథ కాబట్టి తన తరఫున మాట్లాడే పెద్దదిక్కు లేదు, తానే వెళ్ళి అడుగుదామంటే ధైర్యం చాలదు. ఇన్నాళ్ళూ రేపు, ఎల్లుండి అనుకుంటూ గడిపేశాడు. ఇప్పుడు మధ్యలో ఈ తెల్లదొర!

“చెల్లెమ్మా అనాలండి” అన్నాడు గబగబా. “ఇంకోలా అస్సలు పిలవకూడదు. ఏదీ, అనండి.”

“చెల్లెమ్మా” అన్నాడు దొర బుద్ధిగా.

ఆ తరవాత బాపట్లలో జరిగిన సభల్లో “ఇప్పుడు మా చెల్లెమ్మ రూతు పాట పాడుతుంది” అని దొర వేదిక మీంచే చెప్పాడు. జనం మురిసిపోయారు. అందరికంటే ఎక్కువ మురిసినవాడు యేసుదాసు.

ఆ సంబరం మూణ్ణాళ్ళ ముచ్చటే అయింది. అంతవరకూ దొర ఎదురైతే తలొంచుకు పోయే రూతు, చెల్లెమ్మ అయ్యాక చనువుగా మాట్లాడటం మొదలుపెట్టింది. బడి వదిలాక ఇద్దరూ వరండాలో గుసగుసలు. ఒకరోజు ఆమె నవ్వింది. ఇంకోరోజు పైటచెంగుతో కళ్ళొత్తుకుంది. యేసుదాసు అటు వెళితే చాలు, ఇద్దరూ టక్కున నోళ్ళు మూసుకునేవాళ్ళు. ఎవరైనా ఏమైనా అంటే అన్నాచెల్లెళ్ళనే మాట ఉండనే ఉంది. ఆ మాట నేర్పింది తనేనని తలచుకుని అతను కుళ్ళికుళ్ళి చచ్చాడు.

“అన్నయ్యా, మీలో పెళ్ళి మాట ముందు ఎవరు ఎత్తుతారు?” పాఠం మధ్యలో అడిగాడు దొర.

“ఇంట్లో మగవాళ్ళండి.”

“అమ్మాయి తల్లి ఒప్పుకోవాలా?”

“ఆవిడ ఒప్పుకోకపోతే ఎలాగండి?” అన్నాడు యేసుదాసు.

“అయితే శనివారం రేపల్లె వెళతాను.”

శనివారం ఏదో పనున్నట్టు స్టేషనుకు వెళ్ళాడు యేసుదాసు. దొర, రూతు ఒకే పెట్టెలో ఎక్కారు. కిటికీ పక్కన కూర్చున్న రూతు అతన్ని చూసి చటుక్కున మొహం తిప్పేసుకుంది. అన్నం కూడా సయించలేదు అతనికి. వాళ్ళిద్దరి పెళ్ళి చూస్తూ ఈ ఊళ్ళో ఉండటం తనవల్ల కాదని తేలిపోయింది. బాపట్ల బడికి బదిలీ చేయించుకుందామని నిశ్చయించుకున్నాడు.

సోమవారం ఉదయం యేసుదాసు గది ముందు దొర ప్రత్యక్షమయ్యాడు. జారిపోతున్న పంచెను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో అరటిపళ్ళు, కొత్తబట్టలు ఉన్న పళ్ళెం మోస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది.

“అన్నమ్మగారు ఒప్పుకున్నారండి!”

“మరి... రూతు?”

“అసలు ముందు చెప్పింది రూతే. మనసులో మాట చెప్పుకోవడానికి తనకెవరున్నారు, పాపం!”

యేసుదాసు రెండు చేతులూ జోడించాడు.

“మంచిదండి. రూతు బంగారంలాంటి పిల్ల. దేవుడు మిమ్మల్ని చల్లగా చూస్తాడు. నేను బాపట్ల వెళ్ళిపోదామనుకుంటున్నాను.”

“ఇప్పుడు వెళ్ళిపోతే ఎలా?” దొర కంగారుపడ్డాడు. “ముందు ఈ పళ్ళెం అందుకోండి బావగారూ!”

అంత దుఃఖంలోనూ యేసుదాసులోని మేస్టారు ఊరుకోలేకపోయాడు.

“బావగారు కాదండి, అన్నయ్య. మళ్ళీ వరస తప్పారు” అన్నాడు నీరసంగా.

దొర పళ్ళేన్ని అతని చేతుల్లో పెట్టాడు.

“ఈసారి తప్పలేదు, బావగారూ!”